జీతం లేని ప్రొఫెసర్ రాసిన 300 పేజీలు

మెకానికల్, మెటలర్జీ, కెమికల్... ఏ బ్రాంచ్ వాళ్లనైనా అడగండి, గిబ్స్ పేరు వినని వాళ్లుండరు. గిబ్స్ ఫ్రీ ఎనర్జీ, గిబ్స్ ఫేజ్ రూల్. పరీక్ష ముందు రోజు రాత్రి ఫార్ములా బట్టీ పట్టి, మర్నాడు హాల్లోనే వదిలేసి వచ్చే పేరు అది. ఆ పేరు వెనకున్న మనిషీ మనలాగే ఇంజినీరింగ్ చదివినవాడేనని మాత్రం క్లాసులో ఎవరూ చెప్పరు. అమెరికాలో ఇంజినీరింగ్‌లో మొట్టమొదటి పీహెచ్‌డీ ఆయనదే. ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది కానీ తొమ్మిదేళ్లపాటు జీతం రాలేదు. వేడిచేసిన లోహం చల్లారేటప్పుడు దాని లోపల కొత్త ఫేజ్ ఎలా పుడుతుందో, ఎప్పుడు పుట్టకుండా మొరాయిస్తుందో తేల్చే లెక్కకు పునాది పడింది ఆ జీతం లేని ఏళ్లలోనే.

జొసయా విలార్డ్ గిబ్స్ 1839 ఫిబ్రవరి 11న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో పుట్టారు. తండ్రి పేరు కూడా అదే. ఆయన యేల్‌లో భాషా పండితుడు. ఈ తండ్రి గురించి ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు. కొడుకు పుట్టిన ఏడాదే అమిస్టాడ్ అనే ఓడలో తిరగబడిన ఆఫ్రికన్ బందీలను తెచ్చి న్యూహేవెన్ జైల్లో పెట్టారు. వాళ్ల భాష అక్కడ ఎవరికీ తెలియదు. పెద్ద గిబ్స్ ఆ బందీల దగ్గర ఒకటి నుంచి పది వరకు అంకెలు నేర్చుకుని, న్యూయార్క్ రేవుల్లో ఆ అంకెలు బిగ్గరగా చదువుతూ తిరిగారు. ఒక నావికుడు అది మెండే భాష అని గుర్తుపట్టాడు. అలా దుభాషి దొరికాడు, బందీలు కోర్టులో తమ మాట చెప్పుకోగలిగారు, 1841లో విడుదలయ్యారు. చిన్న ఆధారం పట్టుకుని ఓపిగ్గా చివరిదాకా వెళ్లడం కొడుక్కి ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే వెతకక్కర్లేదు.

గిబ్స్ 15 ఏళ్లకే యేల్‌లో చేరి 1858లో డిగ్రీ పూర్తిచేశారు. లాటిన్‌లోనూ లెక్కల్లోనూ బహుమతులు వచ్చాయి. మధ్యలో తల్లి పోయారు, 1861లో తండ్రి కూడా. ఆరోగ్యం అంతంతమాత్రం. 1863లో పీహెచ్‌డీ చేతికొచ్చింది. థీసిస్ దేని మీదనుకుంటున్నారు? గేర్ల మీద. స్పర్ గేర్ పళ్లు ఏ ఆకారంలో ఉంటే ఒకదానితో ఒకటి సాఫీగా తిరుగుతాయనేదే విషయం. మన మెకానికల్ వాళ్లు కినెమాటిక్స్ ఆఫ్ మెషినరీలో ఏడుస్తూ చదివే చాప్టర్. 1866లో రైలు పెట్టెలకు బ్రేక్ డిజైన్ చేసి పేటెంట్ కూడా తీసుకున్నారు. తర్వాత ఆవిరి యంత్రాలకు గవర్నర్ డిజైన్ మీదా పనిచేశారు. అంటే మొదట్నుంచీ థియరీ తప్ప ఇంకేమీ పట్టని మనిషి కాదు. చేతులకు గ్రీజు అంటే రకమే.

అయినా ఉద్యోగం మాత్రం డిగ్రీకి తగ్గది దొరకలేదు. యేల్‌లో మూడేళ్ల ట్యూటర్ పోస్టు ఇచ్చారు. అందులో రెండేళ్లు చెప్పింది లాటిన్! మూడో ఏడాదే ఫిజిక్స్ చేతికిచ్చారు. కోర్ బ్రాంచ్ చదివి సంబంధం లేని పనిలో చేరాల్సి వచ్చిందని బాధపడేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

1866లో ఇద్దరు అక్కచెల్లెళ్లతో కలిసి యూరప్ వెళ్లారు. మూడేళ్లు అక్కడే. పారిస్‌లో ఏడాది, బెర్లిన్‌లో ఏడాది, హైడెల్‌బర్గ్‌లో ఏడాది. కొత్త డిగ్రీ కోసం కాదు, ఊరికే క్లాసులు విన్నారు. కిర్కాఫ్, హెల్మ్‌హోల్ట్జ్ లాంటి వాళ్లు అప్పుడు హైడెల్‌బర్గ్‌లో ఉన్నారు. అప్పటి అమెరికాలో ఆ స్థాయి ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేరు. ఇంజినీర్‌గా వెళ్లిన మనిషి గణిత భౌతిక శాస్త్రవేత్తగా తిరిగొచ్చారు.

1871లో యేల్ ఆయన్ను మ్యాథమెటికల్ ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా నియమించింది. దేశంలోనే అలాంటి మొదటి పోస్టు. కానీ జీతం లేదు. అప్పటికి ఆయన ఒక్క రిసెర్చ్ పేపర్ కూడా అచ్చువేయలేదన్నది నిజమే. తండ్రి వదిలిన ఆస్తి ఉంది, తండ్రి కట్టిన ఇల్లుంది, పెళ్లి చేసుకోలేదు కాబట్టి గడిచిపోయింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ కథ చూపించి ఎవరైనా మీతో ఫ్రీగా ఇంటర్న్‌షిప్ చేయించుకోవాలని చూస్తే ఒప్పుకోకండి. గిబ్స్ ఇంటి అద్దె కట్టక్కర్లేదు, ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలూ లేవు. ఆయన తొమ్మిదేళ్ల ఓపిక గొప్పదే, కానీ దాని కింద ఒక ఆస్తి ఉంది.

1873లో, 34వ ఏట, మొదటి రెండు పేపర్లు వచ్చాయి. థర్మోడైనమిక్స్‌ను బొమ్మగా గీయొచ్చన్నది వాటి సారం. ఒక పదార్థానికి ఎనర్జీ, ఎంట్రోపీ, వాల్యూమ్ అనే మూడింటినీ మూడు దిశలుగా తీసుకుంటే ఒక ఉపరితలం వస్తుంది. కొండలు, లోయలు ఉన్న నేలలాగా. ఆ ఉపరితలం మీద ఒక చదును పలకను ఆనిస్తే, అది తాకే చోట్లే కలిసి మనగలిగే ఫేజ్‌లు. రాసింది ఎవరికీ పెద్దగా తెలియని కనెక్టికట్ అకాడమీ పత్రికలో. కానీ గిబ్స్ పేపర్ అచ్చయ్యాక చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దేశదేశాల శాస్త్రవేత్తల పేర్లు జాబితా రాసుకుని, ప్రతులు పోస్టులో పంపేవారు. అలా అందుకున్నవాళ్లలో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ ఒకరు. మాక్స్‌వెల్‌కు ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, నీటి లాంటి పదార్థానికి ఆ ఉపరితలాన్ని స్వయంగా మట్టితో చేసి, ప్లాస్టర్‌లో పోతపోయించి, ఒక నమూనాను అట్లాంటిక్ దాటించి గిబ్స్‌కు పంపారు. అది ఇప్పటికీ యేల్‌లో ఉంది. లింక్డ్‌ఇన్ లేని రోజుల్లో ఒక కోల్డ్ మెయిల్‌కు ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందనుకోను.

అసలు పేపర్ 1875 నుంచి 1878 మధ్య రెండు భాగాలుగా వచ్చింది. 300 పేజీలు, 700 ఈక్వేషన్లు. పేరు తెలుగులో చెప్పాలంటే, భిన్న పదార్థాల సమతాస్థితి గురించి. ఇంత పెద్దది అచ్చువేయడానికి అకాడమీ దగ్గర డబ్బుల్లేవు. సభ్యులకు అందులో ఉన్నది అర్థం కాలేదు కూడా. అయినా ఆయన మీద నమ్మకంతో చందాలు పోగుచేసి అచ్చువేశారు.

ఆ 300 పేజీల్లో ఏముంది?

ముందుగా ఫేజ్ అనే మాటే. ఒకే కూర్పు, ఒకే రకం నిర్మాణం ఉన్న భాగాన్ని ఫేజ్ అంటాం. గ్లాసులో నీళ్లు, పైన తేలే ఐస్ ముక్క. పదార్థం ఒకటే, ఫేజ్‌లు రెండు. లోహాల్లో ఇది బయటికి కనపడదు. స్టీల్ ముక్కను అద్దంలా పాలిష్ చేసి, యాసిడ్‌తో కాస్త ఎచ్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే అప్పుడు కనిపిస్తాయి ఫెరైట్, సిమెంటైట్ పొరలు పొరలుగా.

ఎన్ని ఫేజ్‌లు ఒకేసారి కలిసి ఉండగలవు? గిబ్స్ జవాబు ఒక లైను: ఎఫ్ = సి − పి + 2. సి అంటే కాంపొనెంట్లు, పి అంటే ఫేజ్‌లు, ఎఫ్ అంటే మన ఇష్టప్రకారం మార్చుకోగల అంశాల సంఖ్య. ప్రెషర్‌ను మార్చకుండా ఉంచితే 2 బదులు 1 వేస్తాం. ఇప్పుడు ఇనుము–కార్బన్ తీసుకోండి. కాంపొనెంట్లు రెండు. ఆస్టెనైట్, ఫెరైట్, సిమెంటైట్ మూడూ ఒకేసారి ఉండాలంటే ఎఫ్ = 2 − 3 + 1 = 0. అంటే మార్చడానికి మన చేతిలో ఏమీ లేదు. అందుకే ఆ మూడూ కలిసేది ఒకే ఒక్క ఉష్ణోగ్రత దగ్గర, 727 డిగ్రీల సెల్సియస్. డయాగ్రమ్‌లో ఆ అడ్డగీత ఎందుకు నిటారుగా కాకుండా పడుకుని ఉందని ఇంటర్వ్యూలో అడిగితే, చెప్పాల్సింది ఇదే. ఆ అంకె బట్టీ పట్టినవాళ్లు చాలామంది ఉంటారు, కారణం చెప్పేవాళ్లు తక్కువ.

కానీ ఫేజ్ రూల్ చెప్పేది చివరికి ఏం మిగులుతుందో మాత్రమే. అక్కడికి ఎలా చేరుతుందో చెప్పదు. నాకు గిబ్స్‌లో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ రెండో ప్రశ్న దగ్గర ఆయన చేసిన పని.

ఒక పదార్థాన్ని చల్లబరుస్తున్నాం అనుకోండి. కొత్త ఫేజ్‌గా మారితే దాని ఎనర్జీ తగ్గుతుంది, అంటే లాభం. మరి వెంటనే మారిపోవాలి కదా? మారదు. ఎందుకంటే కొత్త ఫేజ్ ఒక చిన్న గోళీగా పుట్టాలి. పుట్టగానే దానికీ పాత ఫేజ్‌కీ మధ్య ఒక హద్దు వస్తుంది. ఆ హద్దు కట్టడానికి ఎనర్జీ ఖర్చవుతుంది. లాభం గోళీ ఘనపరిమాణాన్ని బట్టి, ఖర్చు దాని ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్థం రెట్టింపయితే ఖర్చు 4 రెట్లు పెరుగుతుంది, లాభం 8 రెట్లు. కాబట్టి పెద్ద గోళీకి లాభం, చిన్న గోళీకి నష్టం. నష్టంలో ఉన్న చిన్నది పుట్టినచోటే కరిగిపోతుంది. ఒక హద్దు పరిమాణం దాటినదే బతికి పెరుగుతుంది. దాన్నే ఇవాళ క్రిటికల్ న్యూక్లియస్ అంటున్నాం. దాన్ని తయారుచేయడానికి పట్టే పని, దాని ఉపరితల ఎనర్జీలో సరిగ్గా మూడో వంతు అని కూడా గిబ్స్ లెక్కకట్టారు.

ఇందులోంచే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. సరిగ్గా మార్పు ఉష్ణోగ్రత దగ్గర లాభం సున్నా. అప్పుడు క్రిటికల్ న్యూక్లియస్ అనంతమంత పెద్దదవ్వాలి, అంటే అది పుట్టనే పుట్టదు. ఆ ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగితేనే పని మొదలవుతుంది. అతి శుద్ధమైన సన్నని నీటి బిందువులను సున్నాకు చాలా కిందికి, దాదాపు మైనస్ 38 డిగ్రీల వరకు గడ్డకట్టకుండా తీసుకెళ్లొచ్చు. మామూలు నీళ్లు అంతదాకా ఆగవు. ధూళి కణమో, పాత్ర గోడో దొరికితే దాన్ని ఆనుకుని ఐస్ పుడుతుంది, హద్దు ఖర్చు కొంత కలిసొస్తుంది కాబట్టి. పటికబెల్లం చేసేవాళ్లు చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీసేది ఇందుకే. స్టీల్‌లో ఆ దారం పని చేసేవి గ్రెయిన్ బౌండరీలు. ఆస్టెనైట్ చల్లారేటప్పుడు పెర్లైట్ మొదట మొలకెత్తేది అక్కడే.

మరి ఎంత కిందికి దింపితే అంత మంచిదా? అదీ కాదు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ లాభం పెరుగుతుంది కానీ అణువులు కదలలేవు. పైన కదలిక ఉంది, లాభం లేదు. కింద లాభం ఉంది, కదలిక లేదు. మధ్యలో ఎక్కడో మార్పు అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. 1930లో డావెన్‌పోర్ట్, బెయిన్ ఇచ్చిన టీటీటీ కర్వ్ ఇంగ్లిష్ అక్షరం సి ఆకారంలో ఉండటానికి కారణం ఇదే. ఆ కర్వ్ ముక్కు తగలకుండా గబుక్కున చల్లారిస్తే కార్బన్‌కు పారిపోయే టైం ఉండదు. అప్పుడు అణువులన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగి మార్టెన్‌సైట్ వస్తుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచేది దానికోసమే.

గిబ్స్ ఇంకో మెలిక కూడా పట్టారు. మార్పు రెండు రకాలుగా మొదలవ్వొచ్చు. ఒకటి, చిన్న చోటులో పెద్ద మార్పు. ఇప్పటిదాకా చెప్పిన న్యూక్లియేషన్ ఇదే. రెండోది, చాలా చోటు అంతటా రవ్వంత మార్పు. కొన్ని పరిస్థితుల్లో పదార్థం ఎంత అస్థిరంగా ఉంటుందంటే, కూర్పులో ఏ మూల కొంచెం తేడా వచ్చినా అది తనంతట తానే పెరుగుతూ పోతుంది. గోళీ కట్టక్కర్లేదు, హద్దు దాటక్కర్లేదు. ఈ రెండోదాన్ని స్పైనోడల్ డీకంపోజిషన్ పేరుతో లోహాలకు పూర్తిగా వర్తింపజేసింది 1961లో జాన్ కాన్. గిబ్స్ పేజీల నుంచి అక్కడికి 80 ఏళ్లకు పైనే.

ఒకటి గుర్తుంచుకోండి. గిబ్స్ గోళీల లెక్క కట్టింది ద్రవాలు, వాయువుల కోసం. అవి ఎంత వేగంగా పుడతాయన్నది ఆయన చెప్పలేదు. 1926లో జర్మనీలో వోల్మర్, వెబర్ ఆ దారి మొదలుపెట్టారు. ఘనపదార్థాల్లో కొత్త ఫేజ్ పట్టడానికి చుట్టూ ఉన్నదాన్ని నెట్టాలి కాబట్టి, ఆ ఒత్తిడి ఖర్చును కూడా లెక్కలోకి తర్వాతివాళ్లు చేర్చారు. అయినా ఇవాళ మెటలర్జీ పుస్తకంలో ఆ చాప్టర్ తీస్తే మొదట కనిపించే గ్రాఫ్, పైకి లేచి కిందికి దిగే ఆ మూపురం, గిబ్స్ ఆలోచనే.

ఇంత చేసినా వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. తప్పు లోకానిదే అనలేం. గిబ్స్ రాత ఎండుకట్టెలా ఉంటుంది. ఒక ఉదాహరణ ఇవ్వరు, ఒక బొమ్మ ఇచ్చి ఊరుకుంటారు, ప్రయోగాల ఊసు తక్కువ. ఏ ఫ్యాక్టరీలో దేనికి పనికొస్తుందో చెప్పరు. చదివి అర్థం చేసుకుని పదిమందికీ చెప్పగలిగిన మాక్స్‌వెల్ 1879లో చనిపోయారు. నా ఉద్దేశంలో గిబ్స్ ఒక్కో సెక్షన్‌కు ఒక్కో ఉదాహరణ రాసి ఉంటే మెటలర్జీ ఇరవయ్యేళ్లు ముందు ఉండేది. రెజ్యూమెలో ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు ఈ సంగతి ఆలోచించండి.

జీతం సంగతి 1880లో తేలింది. బాల్టిమోర్‌లో కొత్తగా పెట్టిన జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఏడాదికి 3,000 డాలర్లు ఇస్తామని పిలిచింది. అప్పుడు గానీ యేల్‌కు చలనం రాలేదు. 2,000 డాలర్లు ఇస్తామంది. చేతిలో వేరే ఆఫర్ ఉంటేనే కంపెనీ మన విలువ గుర్తించడం అప్పుడూ ఉంది! గిబ్స్ తక్కువ జీతానికే ఒప్పుకుని న్యూహేవెన్‌లోనే ఉండిపోయారు. ఊరు, ఇల్లు, సహోద్యోగులు ఆయనకు ముఖ్యం. అక్కచెల్లెళ్లలో ఒకరైన జూలియా, ఆమె భర్తతో కలిసి తండ్రి కట్టిన ఇంట్లోనే చివరిదాకా ఉన్నారు. ఆ బావ యేల్‌లో లైబ్రేరియన్.

ఆయన పేపర్ మెల్లగా యూరప్‌లో పాకింది. 1892లో ఓస్ట్‌వాల్డ్ జర్మన్‌లోకి, 1899లో లె షాటెలియే ఫ్రెంచిలోకి తెచ్చారు. హాలండ్‌లో వాన్ డర్ వాల్స్ చెప్పగా రూజెబూమ్ అనే కెమిస్ట్ ఫేజ్ రూల్‌ను పట్టుకుని ప్రయోగాల్లో వాడటం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో రాబర్ట్స్-ఆస్టెన్ కొలతలతో గీసిన ఇనుము–కార్బన్ డయాగ్రమ్‌ను 1900లో రూజెబూమ్ ఫేజ్ రూల్‌తో సరిచూసి దిద్దారు. మనం చదివే డయాగ్రమ్ దాని వారసురాలే. 1901లో లండన్ రాయల్ సొసైటీ గిబ్స్‌కు కాప్లే మెడల్ ఇచ్చింది. 1902లో స్టాటిస్టికల్ మెకానిక్స్ మీద పుస్తకం తెచ్చారు. 1903 ఏప్రిల్ 28న, పేగుల్లో అడ్డంకి ఏర్పడి, 64వ ఏట కన్నుమూశారు.

మూడేళ్ల తర్వాత, 1906లో బెర్లిన్ దగ్గర ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే ఆయనకు ఒక వింత ఎదురైంది. తూటా గొట్టాలకు ఇత్తడి బదులు వాడగల అల్యూమినియం కోసం వెతుకుతున్నారు. కాస్త రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియంను బాగా వేడిచేసి నీళ్లలో చల్లార్చారు. వెంటనే కొలిస్తే మెత్తగా ఉంది. రెండు రోజులు ఊరికే పక్కనపెట్టి కొలిస్తే గట్టిపడింది! ఎందుకో మైక్రోస్కోప్‌లో ఏమీ కనిపించలేదు. డ్యూరాలుమిన్ పేరుతో అది జెప్పెలిన్ గాలిఓడల్లోకి, విమానాల్లోకి వెళ్లిపోయింది గానీ కారణం ఎవరికీ తెలియదు. 1919లో అమెరికాలో మెరికా, వాల్టెన్‌బర్గ్, స్కాట్ ఒక వివరణ ఇచ్చారు. వేడిలో కరిగిన రాగి, చల్లారాక ఇమడలేక కంటికి కనపడనంత చిన్న రేణువులుగా విడిపోతోందని. 1938లో ఫ్రాన్స్‌లో గినియే, ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ విడివిడిగా ఎక్స్‌రేలతో వాటిని పట్టుకున్నారు. రాగి అణువులు ఒకటి రెండు పొరల మందంలో బిళ్లలుగా చేరుతున్నాయి.

స్థిరమైన ఫేజ్ వేరే ఉండగా ముందు ఈ బిళ్లలే ఎందుకు? మళ్లీ గిబ్స్ లెక్కే. ఆ బిళ్లలు చుట్టూ ఉన్న అల్యూమినియం అమరికలోనే ఒదిగిపోతాయి కాబట్టి హద్దు ఖర్చు చాలా తక్కువ. స్థిరమైన ఫేజ్‌కు లాభం ఎక్కువే కానీ దాని హద్దు ఖరీదైనది. అందుకే చవకైనది ముందు వస్తుంది, ఖరీదైనది తర్వాత. మరీ ఎక్కువసేపు వేడిలో ఉంచితే రేణువులు పెద్దవై, ఒకదానికొకటి దూరమై, లోహం మళ్లీ మెత్తబడుతుంది. దీన్నే ఓవర్ ఏజింగ్ అంటాం. హైదరాబాద్ మిధానిలో తయారయ్యే మారేజింగ్ స్టీల్, పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటార్ కేసింగ్‌కు వాడే రకం, ఇదే ఏజింగ్ మీద ఆధారపడుతుంది. అక్కడ రాగి బదులు నికెల్‌తో కలిసిన టైటానియం, మాలిబ్డినం రేణువులు. గేట్ మెటలర్జీ పేపర్‌కు చదివేవాళ్లు క్రిటికల్ రేడియస్ లెక్క ఒక్కసారైనా చూడకుండా, స్వయంగా కాగితం మీద రాబట్టి చూడండి. పది నిమిషాల పని.

గిబ్స్ పోయిన ఎనిమిది నెలలకు, 1903 డిసెంబర్ 17న, రైట్ సోదరులు కిట్టీ హాక్‌లో ఎగిరారు. బరువు తగ్గించడానికి వాళ్ల ఇంజిన్ క్రాంక్‌కేస్‌ను అల్యూమినియంతో పోతపోయించారు. అందులో రాగి సుమారు 8 శాతం. విల్మ్ ప్రయోగం ఇంకా జరగలేదు, ఏజింగ్ అనే మాటే లేదు. 1994లో ఇద్దరు పరిశోధకులు ఆ క్రాంక్‌కేస్ నుంచి తీసిన చిన్న ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. రాగి రేణువులు లోపలే ఉన్నాయి.